స్టాపింగ్ గోడ, శాంపిల్ పైపు

మా బాపు సింగరేణిలో మేస్త్రీగా చేసి రిటైరయ్యాడు. ఇండ్లు కట్టే మేస్త్రీ కాదు, బొగ్గుబాయి లోపల గోడలు కట్టే మేస్త్రీ. ఆ గోడల్ని అక్కడ స్టాపింగులంటారు. బొగ్గు తీసేసిన జాగాలో మిగిలిన బొగ్గుకు గాలి తగిలితే అది దానంతటదే వేడెక్కుతుంది, వదిలేస్తే అంటుకుంటుంది. అందుకే పని అయిపోయిన ప్యానెల్‌ను నలువైపులా గోడలు కట్టి మూసేస్తారు. 'ఫైర్‌వాల్' అన్న మాట మొదటిసారి నా నోట విన్నప్పుడు బాపుకు నేను దాని అర్థం చెప్పే పని పడలేదు. ఆయనే నాకు చెప్పాడు.

2022 నవంబర్‌లో, గోదావరిఖనిలో మా ఇంట్లో జరిగిన సంగతి ఇది. రాత్రి పదకొండు దాటింది. నేను కంప్యూటర్‌ను అట్లాగే వదిలేసి పడుకోబోతున్నాను. రౌటర్ మీద పచ్చ లైటు ఆగకుండా కొట్టుకుంటోంది.

"ఎవలు వాడుతలేరు గదా, గది గట్లెందుకు కొట్టుకుంటాంది?" అన్నాడు బాపు.

మంచి ప్రశ్నే. టాస్క్ మేనేజర్ తెరిచాను. డౌన్‌లోడ్ దాదాపు సున్నా, అప్‌లోడ్ మాత్రం గట్టిగా నడుస్తోంది. అంటే మా ఇంట్లోంచి ఏదో బయటికి పోతోంది. కమాండ్ ప్రాంప్టులో నెట్‌స్టాట్ కొట్టాను. నాకు తెలియని అడ్రసులు వరసగా కనబడ్డాయి. చాలావాటి పక్కన 7680 అనే పోర్టు నంబరుంది, ఆ పని చేస్తున్నది ఎస్‌వీసీహోస్ట్ అనే ప్రోగ్రాం. ఇంకా కిందికి పోతే మరొకటి దొరికింది. 127.0.0.1 మీద, 11100 పోర్టులో, ఎన్నడూ పేరు వినని ప్రోగ్రాం ఒకటి చెవి ఒగ్గి కూర్చుంది.

గుండె దడదడలాడింది. "బాపూ, ఎవడో లోపలికొచ్చిండు" అన్నాను.

ఆ రాత్రే విండోస్ ఫైర్‌వాల్ తెరిచి, రెండు ప్రోగ్రాముల మీదా బయటికి పోకుండా 'బ్లాక్' రూల్స్ రాశాను. లైటు కొట్టుకోవడం ఆగింది. హాయిగా పడుకున్నాను.

తెల్లారి ఏమైందో చెప్పేముందు, ఆ రాత్రి నన్ను పట్టుకున్న భయం ఎక్కడిదో చెప్పాలి. అది నా ఒక్కడిదే కాదు. దానికి ఓ ముప్పై ఏళ్ల పైబడ్డ చరిత్ర ఉంది.

ఇంటర్నెట్ మొదట్లో గోడల్లేని ఊరు. విశ్వవిద్యాలయాలు, పరిశోధనశాలలు, ఒకరి మెషీన్‌లోకి ఒకరు దర్జాగా పోయి రాగలిగే రోజులు. 1988 నవంబర్ 2న అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయ విద్యార్థి రాబర్ట్ మోరిస్ ఒక చిన్న ప్రోగ్రాం రాసి వదిలాడు. అది ఒక మెషీన్ నుంచి ఇంకో మెషీన్‌కు తనంతట తానే పాకుతుంది. ఒకే మెషీన్‌ను మళ్లీ మళ్లీ అంటించుకుంటూ పోయింది కాబట్టి అవి పని చేయలేక కూలబడ్డాయి. అప్పట్లో నెట్‌లో ఉన్నవే సుమారు 60,000 మెషీన్లు, వాటిలో 6,000 దాకా దెబ్బతిన్నాయని అంచనా. ఊరికి గోడలు కావాలన్న సంగతి ఆ వారంతో అందరికీ ఎక్కింది.

గోడల ఆలోచన అప్పటికే మొదలైంది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో, బెల్ ల్యాబ్స్‌లో ఇంజనీర్లు వచ్చే పోయే ప్యాకెట్లను నిలబెట్టి చూసే పద్ధతులు తయారు చేస్తున్నారు. ఆ తొలి రకం ఫైర్‌వాల్ మనకు తెలిసిన నాకా లాంటిది. నిజాం రాజ్యంలో సుంకాలు వసూలు చేసే శాఖను కరోడ్‌గిరి అనేవారు. సరుకు ఎక్కడినుంచి వస్తోంది, ఎక్కడికి పోతోంది, అది ఏ రకం, ఇవి చూసి వదలడమో ఆపడమో చేసేవారు. ప్యాకెట్ ఫిల్టర్ చేసేదీ అదే. పంపిన అడ్రసు, చేరాల్సిన అడ్రసు, పోర్టు నంబరు, ఏ పద్ధతిలో పోతోంది, ఈ నాలుగు చూస్తుంది. మూట విప్పి లోపలేముందో చూడదు.

దాంట్లో ఒక ఇబ్బంది ఉంది. నేను లోపలినుంచి ఒక వెబ్‌సైట్‌ను అడిగితే జవాబు బయటినుంచి రావాలి. బయటినుంచి వచ్చేవాటన్నిటినీ ఆపితే జవాబూ ఆగిపోతుంది. అన్నిటినీ వదిలితే గోడ ఎందుకు? 1994లో ఇజ్రాయెల్ కంపెనీ చెక్‌పాయింట్ తెచ్చిన ఫైర్‌వాల్ ఈ చిక్కును విప్పి జనంలోకి పోయింది. లోపలినుంచి ఎవరు ఎవరిని అడిగారో గుర్తు పెట్టుకుంటుంది, ఆ జవాబును మాత్రమే రానిస్తుంది. ఇది చెబితే బాపు వెంటనే అన్నాడు: "ల్యాంపు రూమే గదా." బాయిలోకి దిగే ముందు ప్రతి మనిషీ ల్యాంపు రూములో టోపీ లైటు తీసుకుంటాడు. షిఫ్టు అయ్యాక తిరిగిచ్చేస్తాడు. ఏ లైటు తిరిగి రాలేదో చూస్తే కింద ఎవరున్నారో తెలుస్తుంది. ఇంతకన్నా చక్కగా ఆ సంగతి చెప్పిన పుస్తకం నాకు కనబడలేదు.

1995 ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టింది, అదీ పెద్ద నగరాల్లో. కరీంనగర్‌లో మాకు నెట్ అంటే గంటకింత అని డబ్బులిచ్చి కూర్చునే ఇంటర్నెట్ సెంటరు. ఎంసెట్ ఫలితాలు చూసుకోవడానికి, యాహూ మెసెంజర్‌కు, దుబాయిలో ఉన్న మనిషితో హెడ్‌ఫోన్ పెట్టుకొని మాట్లాడడానికి పోయేవాళ్లం. 2003 ఆగస్టులో నేను డిగ్రీ విద్యార్థిని. ఒక సెంటర్లో కూర్చొని ఉన్నాను. తెర మీద ఉన్నట్టుండి ఒక పెట్టె వచ్చింది. ఈ మెషీన్ 60 సెకన్లలో ఆగిపోతుందని. 59, 58, 57. పక్క మెషీన్‌లోనూ అదే. అందరం లేచి నిలబడ్డాం. ఓనరు తలపట్టుకున్నాడు. మళ్లీ ఆన్ చేసినా కాసేపటికి అదే లెక్క.

దాని పేరు బ్లాస్టర్ అని తర్వాత తెలిసింది. ఆగస్టు 11న బయటపడింది. అది రావడానికి ఎవరూ ఏమీ నొక్కాల్సిన పని లేదు. మెషీన్ నెట్‌కు తగిలి ఉండి, 135 పోర్టు తెరిచి ఉంటే చాలు. విండోస్ ఎక్స్‌పీలో అప్పటికే ఫైర్‌వాల్ ఉంది. కానీ అది మూల పెట్టిన గొళ్లెం లాంటిది, మనంతట మనం వేసుకుంటేనే పడేది. దాని రంధ్రానికి ప్యాచ్ కూడా నెల ముందే, జులైలోనే వచ్చి ఉంది. 2004 ఏప్రిల్ చివర్లో సాసర్ అనే ఇంకో పురుగు 445 పోర్టు గుండా ఇదే పని చేసింది. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన సర్వీస్ ప్యాక్ 2తోనే ఎక్స్‌పీలో ఫైర్‌వాల్ ముందే వేసి రావడం మొదలైంది. ఈరోజు మన ఇండ్లలో ఎవరూ తలవకుండానే నడుస్తున్న గోడకు పునాది అక్కడ పడింది.

మా ఊరికి 2003 అంటే వేరే గుర్తు. ఆ ఏడాది జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. కంప్యూటర్ పురుగు గురించి రాస్తూ ఆ సంగతి ఎందుకంటే, ఈ పోలికకు ఒక హద్దుందని చెప్పడానికి. బాయిలో అడ్డు తెగితే మనుషులు పోతారు. నా గోడ తెగితే పోయేది చాలాసార్లు ఫైళ్లే. బాపు నా భయాన్ని చూసి ఎగతాళి చేయలేదు గానీ, ఆయన కళ్లల్లో ఆ తేడా నాకు కనబడింది.

చాలాసార్లు ఫైళ్లే అన్నాను, ఎప్పుడూ అని కాదు. 2017 మే 12న వనాక్రై ప్రపంచాన్ని చుట్టేసింది. మళ్లీ అదే 445 పోర్టు, ఫైళ్లు పంచుకునే పాత పద్ధతిలో ఉన్న లోపం. దానికి ప్యాచ్ మార్చి 14నే వచ్చింది, రెండు నెలలు తీరిగ్గా పడి ఉంది. బ్రిటన్‌లో ఆసుపత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి. మన దగ్గర ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లు దాని వాత పడ్డాయి. 2019 మే తొలి రోజుల్లో తెలంగాణ, ఆంధ్ర విద్యుత్ పంపిణీ సంస్థల వెబ్‌సైట్ల మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు కరెంటిచ్చే ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థ కూడా అందులో ఉంది. కరెంటు పోలేదు గానీ ఆన్‌లైన్ సేవలు ఆగాయి. ఇవన్నీ చదివి ఉన్నవాడిని కాబట్టే, మా ఇంట్లో లైటు కొట్టుకుంటే నాకు చెమటలు పట్టాయి.

సరే, తెల్లారింది.

మొదట బ్రౌజర్ తెరిచాను. ఏ సైటూ రాదు. ఫోన్లో నెట్ బాగానే ఉంది. అంటే తప్పు కంప్యూటర్‌దే, ఇంకా చెప్పాలంటే నాదే. ఎస్‌వీసీహోస్ట్ అన్నది ఒక ప్రోగ్రాం కాదు, విండోస్‌లో పదుల సర్వీసులు తలదాచుకునే ఇల్లు. సైటు పేరును అడ్రసుగా మార్చే డీఎన్ఎస్ సర్వీసు కూడా దాంట్లోనే ఉంటుంది. అప్‌లోడ్ చేస్తున్న ఒక్క సర్వీసును ఆపబోయి ఇల్లంతటికీ తాళం వేశాను. పోనీ అని, 53 పోర్టుకు వెళ్లనివ్వమని ఒక 'అలో' రూల్ కలిపాను. అయినా రాదు. గంటన్నర కొట్టుకున్నాక అర్థమైంది. విండోస్ ఫైర్‌వాల్‌లో రూల్స్‌ను పైనుంచి కిందికి చదివి మొదట కుదిరిన దాన్ని పట్టుకునే పద్ధతి లేదు. చాలా రౌటర్లలో ఉండే పద్ధతి అది. ఇక్కడ ఒక వద్దు, ఒక సరే ఎదురుపడితే వద్దే గెలుస్తుంది. నేనెన్ని సరేలు రాసినా ఆ ఒక్క వద్దు ముందు నిలవవు.

ఇంతలో మా మేనబావ వచ్చాడు. వాడు మా గల్లీ చివర ఆన్‌లైన్ సెంటరు నడుపుతాడు. వెంట ఇద్దరు పెద్దమనుషులు, ఒక ముసలమ్మ. నవంబర్ కదా, పింఛనుదారులు బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే నెల. 2014 నవంబర్‌లో మొదలైన జీవన్ ప్రమాణ్ వచ్చినప్పటినుంచి ఆఫీసుకు పోనక్కర్లేదు, ఆధార్‌తో వేలిముద్ర వేస్తే చాలు. తన సెంటరు మెట్లు ఎక్కలేని వాళ్ల కోసం మా కంప్యూటర్‌లో ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కించాడట, కిందటేడు, నేను ఊళ్లో లేనప్పుడు. వేలిముద్ర డబ్బా కూడా మా ఇంట్లోనే పెట్టాడు.

డబ్బా తగిలించాడు. తెర మీద 'నాట్ రెడీ' అని వచ్చింది. తీసి పెట్టాడు. మళ్లీ అదే.

"నిన్నటిదాంక మంచిగనే ఉండె, ఏం జేసినవ్ రా?" అన్నాడు.

అప్పుడు తట్టింది, 11100. వేలిముద్ర యంత్రాల వెంట నడిచే ఆర్డీ సర్వీసు వాడుకునే పోర్టులవి, 11100 నుంచి 11120 దాకా. ఆధార్ సంస్థ పెట్టిన నియమం. బ్రౌజరో, పింఛను సాఫ్ట్‌వేరో అదే కంప్యూటర్‌లో ఆ పోర్టుకు కబురు పెడితే అది వేలిముద్ర పట్టి, తాళం వేసిన రూపంలో ఇస్తుంది. 127.0.0.1 అంటేనే 'నేను నాతోనే' అని. బయటివాడెవడూ ఆ అడ్రసు గుండా లోపలికి రాలేడు. నేను చూసి జడుసుకున్న చెవి వీధివైపు లేదు, ఇంట్లోకే ఉంది. కాకపోతే ఆ సర్వీసు తన తాళంచెవులు కొత్తవి తెచ్చుకోవడానికి అప్పుడప్పుడు బయట తన సర్వర్‌ను అడగాలి. ఆ దారే నేను మూసింది.

ముసలమ్మ మంచం మీద కూర్చొని కొంగుతో వేలు తుడుచుకుంటోంది. ఆమెది భర్త పేరు మీద వచ్చే పింఛను. ఆ నెల సర్టిఫికెట్ పోకపోతే వచ్చే నెల నుంచి డబ్బులు ఆగొచ్చు. నేను నా కంప్యూటర్‌ను కాపాడానని రాత్రి నిద్రపోయాను. ఆమె బతికి ఉన్నట్టు సర్కారుకు చెప్పే దారిని మూసి పడుకున్నానని అప్పుడు తెలిసింది.

బాపు ఇదంతా విని ఒకటే అడిగాడు. "గోడ కట్టినవ్ సరే. పైపు పెట్టినవా?"

ఏం పైపని అడిగితే చెప్పాడు. స్టాపింగు కట్టేటప్పుడు గోడలోంచి ఒక ఇనుప పైపు లోపలికి పెడతారు, బయటి మొనకు మూత ఉంటుంది. గోడ వెనక ఏం జరుగుతోందో గోడ చూస్తే తెలియదు. ఆ పైపు తెరిచి లోపలి గాలి శాంపిల్ తీస్తారు. కార్బన్ మోనాక్సైడ్ ఎంతుంది, మిథేన్ ఎంతుంది, ఆక్సిజన్ తగ్గుతోందా. బొగ్గు వేడెక్కుతుంటే పొగ కంటే ముందు ఆ లెక్క చెబుతుంది. పైపు లేని గోడ కడితే మూసేశామన్న తృప్తే మిగులుతుంది, లోపల మంట ఉందో లేదో తెలియదు.

విండోస్ ఫైర్‌వాల్‌కూ ఆ పైపు ఉంది. దాని పేరు లాగ్. మనం పెట్టమనేదాకా అది పెట్టి ఉండదు. నేను ఫైర్‌వాల్ సెట్టింగ్స్‌లోకి పోయి, ఆపేసిన ప్యాకెట్లను రాసిపెట్టమని చెప్పాను. ఐదు నిమిషాలాగి ఆ ఫైలు తెరిచాను. వరస వరసకూ తేదీ, టైము, ఆపినట్టు డ్రాప్ అన్న మాట, అడ్రసులు, పోర్టులు. 53 పోర్టుకు పోబోయి ఆగినవి గుట్టలు. అవి బ్రౌజర్ గోడు. 443కు పోబోయి ఆగినవి కొన్ని, ప్రతిసారీ మేనబావ డబ్బా తీసి పెట్టిన నిమిషానికే. ఆ లాగ్‌లో ప్రోగ్రాం పేరు ఉండదు కాబట్టి టైము చూసి జత కలుపుకోవాలి. ఇంకా 5353, 1900 పోర్టుల మీద లోపలికి వస్తూ ఆగినవి. కంగారుపడి అడ్రసు చూస్తే మా ఇంటి టీవీ. ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా అని అది తన బాషలో కేక వేస్తూ ఉంటుంది.

మిగిలింది 7680. అది అప్‌డేట్లు పంచుకునే పోర్టు. విండోస్ 10తో వచ్చిన సదుపాయం అది. ఒకరు దించుకున్న అప్‌డేట్ ముక్కల్ని పక్క కంప్యూటర్లకు ఇవ్వడం. ఇంటి లోపలి కంప్యూటర్లకే ఇవ్వాలా, నెట్ మీద ఎవరికైనా ఇవ్వాలా అన్నది సెట్టింగ్స్‌లో ఉంటుంది. మాది రెండోదాని మీద ఉంది. రాత్రంతా కొట్టుకున్న లైటు అదే. దొంగ లేడు. మా కంప్యూటర్ ఊరివాళ్లకు నీళ్లు తోడిపోస్తోంది, అంతే. దాన్ని ఆపడానికి ఫైర్‌వాల్ అక్కర్లేదు, ఆ స్విచ్ ఒక్కటి తిప్పితే చాలు.

రెండు బ్లాక్ రూల్స్ తీసేశాను. డబ్బా లైటు వెలిగింది. పెద్దమనుషులిద్దరివీ ఐదు నిమిషాల్లో అయిపోయాయి. ముసలమ్మ వేళ్ల మీద గీతలు అరిగిపోయాయి. కుడి బొటనవేలు కాదంది, చూపుడువేలు కాదంది. ఎడమ చెయ్యి ఉంగరపు వేలు పట్టింది. బాపుది ఇంకా కష్టమైంది, సిమెంటు తిన్న వేళ్లు. ఏడోసారికి ఒప్పుకుంది.

ఆ రాత్రి నేను చేసిన తప్పు రూల్ రాయడం కాదు. ఏం ఆపుతున్నానో తెలియకముందే ఆపడం. నెట్‌స్టాట్ చూపించిన ఆ ప్రోగ్రాం ఏ ఫోల్డర్‌లో ఉందో చూడలేదు, ఎవరు సంతకం చేశారో చూడలేదు, ఇంట్లో ఎవర్నీ అడగలేదు. తెలియనిది కనబడింది, అది శత్రువే అయి ఉంటుందనుకున్నాను. వెనకటికి వచ్చిన జోన్అలారం లాంటి ఫైర్‌వాల్స్‌ది దీనికి తిరుగు కథ. బయటికి పోయే ప్రతిదానికీ పోనీయాలా వద్దా అని జనాన్నే అడిగేవి. పేరు చూస్తే ఏమీ అర్థంకాక, విసుగొచ్చి అందరూ పోనీ అనేవారు. అందుకేనేమో విండోస్ తన ఫైర్‌వాల్‌లో లోపలికి వచ్చేవాటిని ముందే ఆపి, బయటికి పోయేవాటిని ముందే వదిలింది. సౌకర్యమూ అదే, లొసుగూ అదే. నిజంగా దొంగ లోపల పడితే వాడు బయటికి మోసుకుపోయేది ఆ తెరిచిన వైపునుంచే.

ఇంకొక గోడ సంగతి చెప్పకుండా ఇది ముగియదు. మా చిన్నాయిన కొడుకు దుబాయిలో ఉంటాడు. కరీంనగర్, జగిత్యాల, నిర్మల్ వైపు గడప గడపకూ ఇట్లాంటి మనిషి ఒకడుంటాడు. వాట్సాప్‌లో వాడి మెసేజ్ వస్తుంది, ఫోటో వస్తుంది, కాల్ మాత్రం కలవదు. అక్కడి నెట్‌వర్కుల్లో దేశం మొత్తానికి రాసిన రూల్ అది. అనుమతి పొందిన బోటిమ్ లాంటి కొన్ని యాప్‌లలోనే మాట్లాడుకోవాలి. అడ్డు తప్పించుకోవడానికి వీపీఎన్ వాడి నేరానికి పాల్పడితే అక్కడి చట్టం ప్రకారం జరిమానా 5 లక్షల దిర్హమ్‌ల నుంచి మొదలు. మా చిన్నమ్మకు పోర్టుల సంగతి తెలియదు. కొడుకు మొహం మాట్లాడుతూ మాట్లాడుతూ ఎందుకు నిలిచిపోతుందో తెలియదు. నా గోడకు లాగ్ ఉంది, తప్పు చేస్తే తీసేసే చెయ్యి నాది. ఆమెకు అడ్డొచ్చిన గోడను రాసింది ఎవరో, ఎవరిని అడగాలో ఆమెకు తెలిసే దారి లేదు.

ఆ తర్వాత కూడా నవంబర్ వస్తూనే ఉంది. మేనబావ జనాన్ని తీసుకొచ్చే ముందురోజు రాత్రి నేను ఆ లాగ్ ఫైలు ఒకసారి తెరిచి చూస్తాను. ఎక్కువసార్లు టీవీ కేకలే ఉంటాయి. బాపు పక్కన కుర్చీ వేసుకొని కూర్చుంటాడు. అక్షరాలు ఆయనకు కనబడవు.

"గాలి మంచిగనే ఉన్నదా?" అంటాడు.

"ఉన్నది బాపూ" అంటాను. ఆయన లేచిపోయి పడుకుంటాడు.